చెత్తగుట్ట కింద బంకమట్టి పొర: లీచేట్‌ను ఎలా ఆపుతుంది, ఎంతకాలం ఆపుతుంది?

వానలు మొదలైన కొద్ది రోజులకే పెద్ద డంపింగ్ యార్డుల అంచున ముదురు గోధుమ రంగు నీరు ఊరడం కనిపిస్తుంది. ముక్కు పగిలే వాసనతో ఉండే ఈ ద్రవాన్నే లీచేట్ అంటారు. కంటికి కనిపించేది అంచున ఊరే కొద్ది భాగమే. గుట్ట కింద ఏ అడ్డూ లేకపోతే మిగతాదంతా నేలలోకి దిగి, నెమ్మదిగా భూగర్భ జలాన్ని చేరుతుంది. చుట్టుపక్కల బోర్లలో నీళ్లు రంగు మారి, ఉప్పగా అయ్యేసరికి చాలా ఆలస్యమైపోతుంది.

ఢిల్లీలోని ఘాజీపూర్, భల్‌స్వా, ఓఖ్లా, హైదరాబాద్ శివారులోని జవహర్‌నగర్ వంటి పాత చెత్తగుట్టలన్నిటికీ ఉన్న సమస్య ఇదే. అవి మొదలైనప్పుడు అడుగున రక్షణ పొర వేయలేదు. ఒకసారి చెత్త పోసిన తర్వాత దాని కిందికి వెళ్లి పొర పరచడం సాధ్యం కాదు. జవహర్‌నగర్‌లో పాత గుట్టకు పైనుంచి కప్పు వేశారు. దానివల్ల కొత్తగా వాన నీరు లోపలికి దిగడం తగ్గుతుంది. కానీ అంతకుముందు నేలలోకి దిగిన లీచేట్‌ను ఆ కప్పు వెనక్కి తీసుకురాలేదు. అందుకే ల్యాండ్‌ఫిల్ నిర్మాణంలో అడుగు పొర, అంటే లైనర్, చెత్త రాకముందే సరిగ్గా వేసి తీరాల్సిన భాగం.

ఈ లైనర్‌లో ప్రధాన పదార్థం మనకు బాగా తెలిసిన బంకమట్టే. అది నీటిని ఎలా నిలుపుతుంది? నిజంగా పూర్తిగా ఆపేస్తుందా? దాని మీద ప్లాస్టిక్ షీటు ఎందుకు పరుస్తారు?

లీచేట్‌లో ఏముంటుంది?

మన దేశంలో పట్టణ ఘన వ్యర్థాలు 2020-21లో రోజుకు సుమారు 1.6 లక్షల టన్నులని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క. ఈ చెత్తలో సుమారు సగం కూరగాయల తొక్కలు, మిగిలిపోయిన అన్నం, ఆకులు వంటి కుళ్లే పదార్థమే. అందులోనే తేమ ఎక్కువగా ఉంటుంది కాబట్టి వాన పడకపోయినా కొంత లీచేట్ పుడుతుంది. వాన పడితే నీరు చెత్త పొరల గుండా దిగుతూ దారిలో కరిగే ప్రతిదాన్నీ తనలో కలుపుకుంటుంది.

మొదటి దశలో చెత్త కుళ్లి సేంద్రియ ఆమ్లాలు తయారవుతాయి. అప్పుడు లీచేట్ ఆమ్ల గుణంతో ఉంటుంది, లోహాలను సులభంగా కరిగించుకుంటుంది. తర్వాత మీథేన్ పుట్టించే సూక్ష్మజీవులు ఆ ఆమ్లాలను తినేయడంతో ఆమ్లత తగ్గుతుంది. అమోనియా, క్లోరైడ్ లవణాలు మాత్రం చాలా ఏళ్లపాటు ఎక్కువగానే ఉంటాయి. బ్యాటరీలు, రంగు డబ్బాలు, ట్యూబ్‌లైట్లు చెత్తలో కలిస్తే సీసం, కాడ్మియం, పాదరసం కూడా చేరతాయి. ద్రావకాల నుంచి బెంజీన్, టోలీన్ వంటి ఆవిరయ్యే సేంద్రియ రసాయనాలూ వస్తాయి.

ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన కురిసే చోట ఒక హెక్టారు మీద పడే నీరు 80 లక్షల లీటర్లు. అందులో కొంత ఆవిరవుతుంది, కొంత పక్కకు పారిపోతుంది. మిగిలింది చెత్తలోకి దిగుతుంది. లైనర్ ఆపాల్సింది ఈ నీటినే.

బంకమట్టిలో నీరు ఎందుకు నెమ్మదిగా కదులుతుంది?

మట్టి రేణువు పరిమాణం 2 మైక్రాన్ల కన్నా తక్కువైతే దాన్ని బంకమట్టి రేణువు అంటారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇసుక రేణువులు గుండ్రంగా, పెద్దగా ఉంటాయి. వాటి మధ్య ఖాళీలు కూడా పెద్దవే. బంకమట్టి రేణువులు పలచని రేకుల్లా ఉంటాయి. ఆ రేకులు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు అమరినప్పుడు వాటి మధ్య దారులు చాలా ఇరుకుగా, వంకరటింకరగా ఉంటాయి.

దీనికి తోడు రేకుల ఉపరితలం మీద రుణావేశం ఉంటుంది. ఆ ఆవేశం సోడియం, కాల్షియం వంటి ధనావేశ అయాన్లను, వాటితోపాటు నీటి అణువులను దగ్గరగా పట్టి ఉంచుతుంది. ఇలా పట్టుబడిన నీరు సులువుగా కదలదు. అసలే ఇరుకైన దారిలో ఇది మరికొంత భాగాన్ని మూసేస్తుంది.

బంకమట్టి ఖనిజాలన్నీ ఒకటి కావు. కుండలకు, పింగాణీకి వాడే కేయొలినైట్‌లో ఒక గ్రాము రేణువుల ఉపరితలం 10 నుంచి 20 చదరపు మీటర్లు. నల్లరేగడిలో ఎక్కువగా ఉండే మాంట్‌మొరిల్లొనైట్‌లో అది 800 చదరపు మీటర్ల వరకు ఉండవచ్చు. ఉపరితలం పెరిగేకొద్దీ నీటిని పట్టి ఉంచే శక్తి పెరుగుతుంది, ఉబ్బే గుణమూ పెరుగుతుంది.

మట్టి గుండా నీరు ఎంత సులువుగా కదులుతుందో చెప్పే కొలతను పారగమ్యత అంటారు. శుభ్రమైన ఇసుకకు ఇది సెకనుకు సెంటీమీటరులో వందో వంతు దాకా ఉంటుంది. ల్యాండ్‌ఫిల్ లైనర్‌గా వాడే మట్టికి సెకనుకు సెంటీమీటరులో కోటో వంతుకు మించకూడదని మన నియమాలు చెబుతున్నాయి. అంటే అలాంటి ఇసుకలో కన్నా లక్ష రెట్లు నెమ్మది.

ఒక చిన్న లెక్క

మట్టి గుండా నీటి ప్రవాహాన్ని లెక్కగట్టే సూత్రాన్ని ఫ్రాన్స్‌కు చెందిన ఇంజినీరు హెన్రీ డార్సీ 1856లో ప్రకటించాడు. దిజోన్ నగరపు నీటి సరఫరా పనిలో భాగంగా ఇసుక గొట్టాలతో చేసిన ప్రయోగాల నుంచి అది వచ్చింది. ప్రవాహ వేగం రెండు విషయాల మీద ఆధారపడుతుందని ఆ సూత్రం చెబుతుంది: ఒకటి మట్టి పారగమ్యత, రెండోది నీటిని కిందికి నెట్టే వాలు.

90 సెంటీమీటర్ల మందం ఉన్న మట్టి పొర మీద 30 సెంటీమీటర్ల లోతు లీచేట్ నిలిచి ఉందనుకుందాం. పొర మందం, లీచేట్ లోతు కలిపితే 120 సెంటీమీటర్లు. దాన్ని పొర మందంతో భాగిస్తే వాలు 1.33. ఏడాదిలో సుమారు 3.15 కోట్ల సెకన్లు ఉంటాయి. సెకనుకు సెంటీమీటరులో కోటో వంతు చొప్పున లెక్కిస్తే ఏడాదికి 3.15 సెంటీమీటర్లు. దాన్ని 1.33తో గుణిస్తే 4.2 సెంటీమీటర్లు. ఒక హెక్టారు విస్తీర్ణానికి ఇది 420 ఘనపు మీటర్లు, అంటే ఏడాదికి 4 లక్షల 20 వేల లీటర్లు.

నియమాలకు సరిగ్గా సరిపోయే మట్టి పొర కూడా ఒంటరిగా ఉంటే ఇంత లీచేట్‌ను కిందికి వదులుతుంది. పైగా నీరు కదిలేది రేణువుల మధ్య ఖాళీల్లోనే కదా. పొరలో ఖాళీలు 45 శాతం ఉంటే ఆ దారుల్లో నీటి అసలు వేగం ఏడాదికి 9 సెంటీమీటర్లు దాటుతుంది. ఆ లెక్కన పైన చేరిన నీరు పదేళ్లలోపే పొర అడుగుకు చేరుతుంది. చెత్త నుంచి లీచేట్ మాత్రం అంతకన్నా ఎంతో ఎక్కువ కాలం ఊరుతూనే ఉంటుంది.

ఊళ్లలో చెరువులకు ఇదే సూత్రం మరోలా పనిచేస్తుంది. కాకతీయుల కాలంలో, 13వ శతాబ్దిలో కట్టిన రామప్ప, పాకాల చెరువుల మట్టి కట్టలు ఈనాటికీ నీటిని నిలుపుతున్నాయి. చెరువు నుంచి కొంత నీరు ఊటగా దిగినా నష్టం లేదు. ఆ ఊట వల్లే దిగువన బావుల్లో నీరు ఉంటుంది. లీచేట్ విషయంలో ఆ ఊటే ప్రమాదం. చెరువుకు సరిపోయే మట్టి పనితనం ల్యాండ్‌ఫిల్‌కు చాలకపోవడానికి కారణం ఇదే.

మట్టి, ప్లాస్టిక్ కలిస్తే

మట్టి ఒక్కటే చాలదు కాబట్టి దాని మీద హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ షీటు పరుస్తారు. ల్యాండ్‌ఫిల్ అడుగున, గోడల మీద 90 సెంటీమీటర్ల మట్టి పొర, దానిపై 1.5 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ షీటు ఉండాలని ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2016 నిర్దేశించాయి. భూగర్భ జల మట్టం ఎంత పెరిగినా మట్టి పొర అడుగుకు కనీసం 2 మీటర్ల దిగువన ఉండాలని కూడా అవి చెప్పాయి. అమెరికా 1991 నియమాల్లోనూ ఇదే జోడీ కనిపిస్తుంది. అక్కడ మట్టి పొర మందం 60 సెంటీమీటర్లు.

షీటు దాదాపుగా నీటిని పోనివ్వదు. అలాంటప్పుడు మట్టి ఎందుకన్న సందేహం సహజం. షీటును పట్టీలుగా తెచ్చి వేడితో అతుకుతారు. అతుకు ఎక్కడో ఒకచోట సరిగ్గా పడకపోవచ్చు. కంకర గుచ్చుకోవచ్చు. యంత్రం చక్రం కింద చిరగవచ్చు. పెద్ద విస్తీర్ణంలో ఒక్క రంధ్రం కూడా లేకుండా షీటు పరచడం కష్టం.

ఒక చదరపు సెంటీమీటరు రంధ్రాన్ని తీసుకుందాం. షీటు కింద నీరు సులువుగా జారిపోయే కంకర ఉండి, పైన 30 సెంటీమీటర్ల లీచేట్ నిలిస్తే ఆ ఒక్క రంధ్రం నుంచి రోజుకు 12 వేల లీటర్లకు పైగా కారిపోతుంది. అదే షీటు నునుపైన బంకమట్టి పొరకు గట్టిగా అంటుకుని ఉంటే, రంధ్రం గుండా వచ్చిన నీరు ఎదురుగా ఉన్న మట్టిలోంచే దారి వెతుక్కోవాలి. ఇంజినీర్లు వాడే సూత్రాల ప్రకారం అప్పుడు కారేది రోజుకు సుమారు అర లీటరు. షీటు మట్టికి సోకే విస్తీర్ణాన్ని ఒక రంధ్రానికి కుదిస్తుంది, మట్టి ఆ రంధ్రాన్ని దాదాపు మూసేస్తుంది. ఒకదాని లోపాన్ని మరొకటి సరిదిద్దడం వల్లే ఈ జోడీని మిశ్రమ లైనర్ అంటారు.

అయితే షీటు మట్టికి అతుక్కుని ఉండాలన్నది ముఖ్యమైన షరతు. ఎండలో షీటు వ్యాకోచించి ముడతలు పడుతుంది. ముడత కింద ఖాళీ ఉంటుంది. రంధ్రం ఆ ముడత మీదే పడితే నీరు ముడత పొడవునా పాకి, మట్టిని చాలా విస్తీర్ణంలో తడుపుతుంది. అందుకే ఎండ తక్కువగా ఉన్న వేళల్లో షీటు పరచి, ముడతలు సరిచేసి, ఆలస్యం లేకుండా పైపొర వేయడం మంచి పద్ధతి.

నీరు కదలకపోయినా కాలుష్యం కదులుతుంది

గ్లాసు నీళ్లలో వేసిన సిరాచుక్క ఎవరూ కలపకపోయినా నెమ్మదిగా అంతటా పరుచుకుంటుంది. దీన్నే వ్యాపనం అంటారు. లైనర్‌లో కూడా గాఢత ఎక్కువ ఉన్న పైభాగం నుంచి తక్కువ ఉన్న కిందికి రసాయనాలు ఇలాగే కదులుతాయి. బెంజీన్, టోలీన్ వంటివి రంధ్రం లేని హెచ్‌డీపీఈ షీటు గుండా కూడా సులువుగానే వ్యాపిస్తాయి. వాటిని ఆలస్యం చేసేది కింద ఉన్న మట్టి మందమే. క్లోరైడ్ వంటి అయాన్లను షీటు బాగా ఆపుతుంది. అవి మట్టిలోకి చేరినా 90 సెంటీమీటర్ల పొరను వ్యాపనం ద్వారా దాటడానికి దశాబ్దాలు పడుతుంది.

మట్టి చేసే మరో పని అధిశోషణ. రుణావేశం ఉన్న రేకులు సీసం, కాడ్మియం, జింక్ వంటి ధనావేశ లోహ అయాన్లను, అమోనియం అయాన్లను పట్టుకుని, తమ దగ్గరున్న సోడియం లాంటి వాటిని వదిలేస్తాయి. క్లోరైడ్, నైట్రేట్ రుణావేశం గలవి కాబట్టి పట్టుబడవు. ల్యాండ్‌ఫిల్ చుట్టూ ఉన్న పరిశీలక బావుల్లో క్లోరైడ్‌ను కొలవడానికి ఒక కారణం ఇదే. కాలుష్యం వస్తే ముందుగా కనిపించే వాటిలో అదొకటి.

ఏ మట్టి మంచిది?

జిగురు ఎంత ఎక్కువ ఉంటే అంత మంచి లైనర్ అవుతుందని అనిపిస్తుంది. నల్లరేగడి ఆ అంచనాను తప్పని చూపిస్తుంది. తడిగా ఉన్నప్పుడు అది నీటిని చాలా బాగా నిలుపుతుంది. ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుకుంటుంది. వేసవిలో పత్తి చేలలో చెయ్యి దూరేంత నెర్రెలు రైతులకు తెలిసినవే. లైనర్‌లో అలాంటి నెర్రె ఒక్కటి ఏర్పడినా పారగమ్యత లెక్కలన్నీ తారుమారవుతాయి. తిరిగి తడిసినప్పుడు నెర్రె మూసుకున్నట్లు కనిపించినా ఆ చోట మట్టి మునుపటంత బిగువుగా ఉండదు.

ఎర్రమట్టిలో, ముఖ్యంగా ఇసుక ఎక్కువ ఉన్న చల్కా నేలల్లో, ఇబ్బంది వేరు. అది అంతగా పగలదు, కానీ నీటిని వదిలేస్తుంది. దానికి కొద్ది శాతం బెంటొనైట్ కలిపితే రెండు గుణాలూ సమకూరుతాయి. బెంటొనైట్ అంటే మాంట్‌మొరిల్లొనైట్ అధికంగా ఉండే సహజ ఖనిజం. మన దేశంలో గుజరాత్‌లోని కచ్, రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ ప్రాంతాల్లో దొరుకుతుంది. సోడియం రకం బెంటొనైట్ నీటిలో పదిరెట్లకు పైగా ఉబ్బి ఇసుక రేణువుల మధ్య ఖాళీలను నింపుతుంది. ఇసుక, ఎర్రమట్టి రేణువులు అస్థిపంజరంలా నిలబడి కుంచించుకుపోవడాన్ని తగ్గిస్తాయి.

ఒక హెక్టారుకు 90 సెంటీమీటర్ల పొర అంటే కుదించాక 9,000 ఘనపు మీటర్ల మట్టి. దగ్గర్లో తగిన మట్టి లేకపోతే రవాణా ఖర్చు భారమవుతుంది. అలాంటి చోట్ల జీసీఎల్ అనే తయారీ పొరను వాడతారు. రెండు బట్టల్లాంటి షీట్ల మధ్య బెంటొనైట్ నింపి చాపలా చుట్టి తెస్తారు. నీరు తగిలి ఉబ్బాక దాని మందం సుమారు ఒక సెంటీమీటరు. పారగమ్యత మట్టి పొర హద్దు కన్నా పదుల రెట్లు తక్కువ. అయితే అది పలచన. వ్యాపనాన్ని ఆలస్యం చేయడానికి, లోహాలను పట్టుకోవడానికి 90 సెంటీమీటర్ల మట్టికి ఉన్న శక్తి దానికి ఉండదు. ఒక పదునైన రాయి దాన్ని పాడుచేయగలదు.

బెంటొనైట్‌కు రసాయన బలహీనత కూడా ఉంది. లీచేట్‌లో కాల్షియం వంటి లవణాలు గాఢంగా ఉంటే అవి రేకుల మీది సోడియంను తొలగించి ఆ చోటు ఆక్రమిస్తాయి. అప్పుడు రేకులు పట్టి ఉంచిన నీటి పొర పలచబడుతుంది, ఉబ్బు తగ్గుతుంది, దారులు తెరుచుకుంటాయి. పారగమ్యత పదుల నుంచి వందల రెట్లు పెరిగే వీలుంది. కాబట్టి మట్టిని మంచినీటితో పరీక్షిస్తే చాలదు. అక్కడ రాబోయే లీచేట్ లాంటి ద్రవంతో పరీక్షించాలి.

దిమ్మిస కొట్టడంలోనే సగం నాణ్యత

ఒకే మట్టి, వేసే తీరును బట్టి మంచి లైనర్ కావచ్చు, జల్లెడ కావచ్చు. 1984లో అమెరికాలో డేవిడ్ డేనియల్ అనే ఇంజినీరు పలు మట్టి లైనర్లను పరిశీలించి, క్షేత్రంలో పారగమ్యత ప్రయోగశాలలో కొలిచిన దానికన్నా 10 నుంచి 1000 రెట్లు ఎక్కువగా ఉండగలదని చూపాడు. ప్రయోగశాలలో పరీక్షించే ముక్క అరచేతిలో పడుతుంది. క్షేత్రంలో నీరు మట్టి పెళ్లల మధ్య సందుల గుండా, పొరల అతుకుల గుండా పోతుంది. ఆ చిన్న ముక్కలో అవి ఉండవు.

ఈ తేడా తగ్గించడానికి కొన్ని నియమాలు స్థిరపడ్డాయి. మొదటిది తేమ. రోడ్డు పనుల్లో మట్టి అత్యధిక సాంద్రతకు చేరే తేమ దగ్గర కుదిస్తారు. లైనర్‌కు దానికన్నా 2 నుంచి 4 శాతం ఎక్కువ తేమ ఉండాలి. అప్పుడు పెళ్లలు మెత్తబడి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మరీ తడిస్తే ఎండినప్పుడు పగిలే ప్రమాదం ఉంది కనుక హద్దు దాటకూడదు.

రెండోది యంత్రం. చదును రోలర్ పైభాగాన్ని నునుపు చేస్తుందే గాని లోపలి పెళ్లలను పిసకదు. పొడుచుకు వచ్చిన కాళ్లున్న షీప్స్‌ఫూట్ రోలర్ మట్టిని కుమ్మరి తొక్కినట్లు తొక్కుతుంది. మూడోది పొరల అమరిక. 90 సెంటీమీటర్లు ఒకేసారి పోయకుండా, కుదించాక 15 సెంటీమీటర్లు ఉండేలా ఆరు పొరలుగా వేయాలి. ప్రతి పొర మీద గీతలు గీసి గరుకు చేసి తర్వాతి పొర వేస్తే అతుకు కలుస్తుంది. నాలుగోది రక్షణ. పని పూర్తయిన పొరను ఎండకు వదిలేస్తే కొద్ది రోజుల్లోనే నెర్రెలు పడతాయి. పైన షీటు పడేవరకూ తడి ఆరకుండా చూడాలి.

పైపులు, కప్పు, గుమ్మం

లైనర్ మీద లీచేట్ ఎంత లోతు నిలిచిందన్నదే కారుడును నిర్ణయిస్తుంది. అందుకే షీటు మీద కంకర పొర, అందులో రంధ్రాల పైపులు పరచి లీచేట్‌ను ఎప్పటికప్పుడు బయటికి తోడి శుద్ధి చేయాలి. లోతు 30 సెంటీమీటర్లు దాటకుండా ఉంచడం సాధారణ లక్ష్యం. పైపులు బురదతో, సున్నపు పేరుకుతో మూసుకుపోయి లోతు 3 మీటర్లకు పెరిగిందనుకుందాం. పై లెక్కనే మళ్లీ చేస్తే మట్టి గుండా దిగే ప్రవాహం మూడు రెట్లు దాటుతుంది. పంపు ఆగిన ల్యాండ్‌ఫిల్‌లో మంచి లైనర్ కూడా బలహీనమే.

ల్యాండ్‌ఫిల్ నిండాక పైన మరో మట్టి పొర, నీరు జారే పొర, మొక్కలు మొలిచే మట్టితో కప్పు వేస్తారు. కొత్త నీరు రాకపోతే అడుగున భారం తగ్గుతుంది. షీటు ఆయుష్షు కూడా శాశ్వతం కాదు. 20 డిగ్రీల వేడి దగ్గర వందల ఏళ్లు మన్నగల హెచ్‌డీపీఈ, కుళ్లే చెత్త వేడికి 60 డిగ్రీల దగ్గర ఉంటే కొన్ని దశాబ్దాలకే పెళుసుబారవచ్చు. ఆ తర్వాత మిగిలేది మట్టి పొరే.

అందువల్ల లైనర్‌ను లీచేట్‌ను శాశ్వతంగా బంధించే గోడగా కాకుండా, దాన్ని తోడి శుద్ధి చేయడానికి గడువు ఇచ్చే ఏర్పాటుగా చూడాలి. ఆ గడువు పదేళ్లా, వందేళ్లా అన్నది మట్టి ఎంపిక, తేమ, రోలర్, అతుకులు, పైపుల నిర్వహణ కలిసి నిర్ణయిస్తాయి. ఊరి దగ్గర కొత్త ల్యాండ్‌ఫిల్ ప్రతిపాదన వచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు కూడా ఇవే: మట్టిని ఏ ద్రవంతో పరీక్షించారు, క్షేత్రంలో పారగమ్యత కొలిచారా, భూగర్భ జలం ఎంత లోతున ఉంది, లీచేట్‌ను ఎవరు ఎన్నాళ్లు తోడతారు, పరిశీలక బావుల ఫలితాలు ఎక్కడ చూడవచ్చు.

లీచేట్ పుట్టుకను తగ్గించే పని మాత్రం ల్యాండ్‌ఫిల్ దగ్గర మొదలు కాదు. తడి చెత్త వేరై ఎరువుగా మారితే గుట్టకు చేరే తేమ, ఆమ్లాలు, అమోనియా తగ్గుతాయి. పాత బ్యాటరీలు, రంగు డబ్బాలు వేరుగా వెళితే సీసం, కాడ్మియం తగ్గుతాయి. గుమ్మం ముందు రెండు బుట్టలు పెట్టిన ప్రతి ఇల్లూ, ఎక్కడో దూరంగా నేల కింద ఉన్న ఆ 90 సెంటీమీటర్ల మట్టి మీద పడే భారాన్ని కొంత దించుతుంది.